‘దొరకలేదు’ అన్నా పరవాలేదు

బిలాస్‌పూర్ అంటే ఏ బిలాస్‌పూర్? ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న మా రైల్వే ఊరు ఒకటి. హిమాచల్ ప్రదేశ్‌లో సట్లెజ్ నది ఒడ్డున ఉన్న జిల్లా కేంద్రం ఇంకొకటి. ఉత్తరప్రదేశ్‌లో రాంపూర్ జిల్లాలో మరొకటి. కవరు మీద ఊరి పేరు ఒక్కటే రాసి డబ్బాలో వేస్తే పోస్టుమ్యాన్ ఎవరింటి తలుపు తట్టాలి? ఇలాంటి చిక్కులు పడలేకే తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ తెచ్చింది. మాది 495001. హిమాచల్ వాళ్ళది 174001. పేర్లు కలిసినా అంకెలు కలవవు, ఉత్తరం దారి తప్పదు.

రైల్వేవాళ్ళు కూడా ఇదే పని చేశారు. ప్రతి స్టేషన్‌కూ ఒక కోడ్ పెట్టారు. మా స్టేషన్ కోడ్ బీఎస్‌పీ. టికెట్ మీద ఆ మూడక్షరాలు కనిపిస్తే మా ఊరే. కానీ అదే మాట భిలాయ్‌లో దిగి అనండి, ఎదుటివాళ్ళు భిలాయ్ స్టీల్ ప్లాంట్ గేటు వైపు దారి చూపిస్తారు. ఎన్నికల రోజుల్లో టీ కొట్టు దగ్గర అంటే ఏనుగు గుర్తు పార్టీ సంగతి మొదలవుతుంది. ఒక పట్టికలో తిరుగులేని గుర్తు పక్క పట్టికలో ఇంకేదో అవుతుంది. రెండు పట్టికలు కలపడం వచ్చు అని చెప్పుకునే ముందు ఈ సంగతి ఒంటబట్టాలి.

ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘ఎక్సెల్ వచ్చా?’ అంటే అందరూ తలూపుతారు. రెండు పట్టికలను కలిపే ఫార్ములా గురించి, ‘వీలుకప్ వచ్చా?’ అంటే కొందరు తలూపుతారు. ‘వీలుకప్ తప్పు జవాబు ఎప్పుడిస్తుంది?’ అని అడిగితే మాత్రం నోళ్ళు మూతపడతాయి. ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలిగే కుర్రాడే ఆఫీసులో నిలబడతాడు. ఫార్ములా ఎవరైనా నేర్పుతారు, యూట్యూబ్‌లో అరగంట చాలు. అది తెచ్చిన జవాబును నమ్మాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు అలవాటు చేసుకోవాల్సిన సంగతి.

ముందు పని తీరు చూద్దాం. వీలుకప్‌కు నాలుగు ముక్కలు చెప్పాలి. ఏది వెతకాలి, ఏ పట్టికలో వెతకాలి, దొరికాక ఎన్నో కాలమ్‌లో ఉన్నది పట్టుకురావాలి, అచ్చంగా అదే కావాలా దరిదాపుల్లో ఉన్నా చాలా. మొదటి మూడూ అందరూ జాగ్రత్తగానే రాస్తారు. నాలుగోది వదిలేస్తారు. వదిలేస్తే ఎక్సెల్ ఊరుకోదు, ‘దరిదాపుల్లో ఉన్నా చాలు’ అని తనంతట తానే అనుకుంటుంది. 1985లో మ్యాకింటాష్ కోసం వచ్చిన మొదటి ఎక్సెల్‌లోనే వీలుకప్ ఉంది. దశాబ్దాలుగా ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని లెక్కలు ఈ నాలుగో ముక్క దగ్గర తప్పి ఉంటాయో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆ తప్పు తప్పులా కనిపించదు.

ఎలాగో దగ్గరగా చూడండి. ఒక షీటులో నాలుగు రైళ్ళు ఉన్నాయనుకుందాం. 17481 బిలాస్‌పూర్ నుంచి తిరుపతికి, 17482 తిరుపతి నుంచి బిలాస్‌పూర్‌కు, 18517 కోర్బా నుంచి విశాఖపట్నానికి, 18518 విశాఖ నుంచి కోర్బాకు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న నంబరు 18516. వేలు జారి చివరి అంకె తప్పుగా కొట్టారు. నాలుగో ముక్క వదిలేసిన ఫార్ములా ఏం చేస్తుంది? 18516 లేదు కాబట్టి దానికి మించని నంబర్లలో పెద్దది పట్టుకుంటుంది. అది 17482. జవాబు: ‘తిరుపతి నుంచి బిలాస్‌పూర్’. ఎర్రగీత లేదు, హెచ్చరిక లేదు. విశాఖ వెళ్ళాల్సిన బామ్మగారి పేరు తిరుపతి రైలు జాబితాలో నిక్షేపంగా కూర్చుంటుంది.

ఇంకో సంగతి. దరిదాపు పద్ధతిలో ఎక్సెల్ పై నుంచి కిందికి ఒక్కొక్కటే చూసుకుంటూ రాదు. మనం నిఘంటువులో మాట కోసం మధ్యలో తెరిచి, ముందుకా వెనక్కా అని చూసుకుని మళ్ళీ సగం చేసినట్టు, పట్టికను సగాలు చేసుకుంటూ పోతుంది. పట్టిక చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుసగా ఉంటేనే ఈ పద్ధతి చెల్లుతుంది. వరుస తప్పిందా, కళ్ళెదుట ఉన్న నంబరును కూడా దాటి పోవచ్చు.

మరి ఈ దరిదాపు పద్ధతి ఎందుకు పెట్టారు అంటే, దానికీ చోటుంది. ఆదాయపు పన్ను శ్లాబులే చూడండి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, 4 నుంచి 8 లక్షలకు 5 శాతం, 8 నుంచి 12 లక్షలకు 10 శాతం. 9 లక్షల ఆదాయం ఏ శ్లాబులో పడుతుందో వెతికితే పట్టికలో 9 అనే అంకే ఉండదు. దానికి మించని పెద్ద అంకె 8 లక్షలు, ఎదురుగా 10 శాతం. ఇక్కడ దరిదాపే సరైన జవాబు. మార్కులకు గ్రేడు, కిలోమీటర్లకు చార్జీ, బరువుకు రుసుం, ఇవన్నీ ఈ కోవలోవే. మనుషులు, రైళ్ళు, బ్యాంకు ఖాతాలు మాత్రం ఈ కోవలోకి రావు. మీరు వెతుకుతున్నది మోతాదా, మనిషా? ఆ ప్రశ్న వేసుకున్నాకే నాలుగో ముక్క రాయండి. మనిషైతే ‘ఫాల్స్’ అని రాయాలి, లేదా సున్నా పెట్టాలి. ‘ఫాల్స్’ అంటే తప్పు కదా, తప్పు అని రాస్తే సరైన జవాబు రావడమేంటి అని కొత్తవాళ్ళు తికమకపడతారు. ఆ తికమక న్యాయమైనదే. మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించిన ఎక్స్‌లుకప్ అనే కొత్త ఫార్ములాలో దీన్ని సరిచేశారు, మీరేమీ చెప్పకపోతే అచ్చంగా అదే కావాలనే దాని లెక్క. అయితే పాత ఎక్సెల్ ఉన్న కంప్యూటర్లలో ఎక్స్‌లుకప్ పనిచేయదు. ఇండెక్స్, మ్యాచ్ అనే ఫార్ములాల జోడీ ఎక్కడైనా పనిచేస్తుంది. అది కూడా నేర్చుకోండి, వీలుకప్‌కు చేతకాని పనులు చేస్తుంది. వీలుకప్ ఎడమ చివరి కాలమ్‌లోనే వెతకగలదు, పైగా మధ్యలో ఎవరైనా కొత్త కాలమ్ చొప్పిస్తే ఫోన్ నంబరుకు బదులు పుట్టినరోజు తెచ్చి పెడుతుంది.

ఇక అసలు సమస్యకు, మనుషుల పేర్లకు వద్దాం. మా ఊళ్ళో తెలుగువాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు కారు. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఏర్పడింది. రాయపూర్ నుంచి విజయనగరం లైను 1931లో పూర్తయింది. అటు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి గ్యాంగుల్లో, షెడ్లలో, గుమాస్తా కుర్చీల్లో కుదురుకున్నవాళ్ళ మనవలు ఇవాళ బుధవారీ బజారులో హిందీలో బేరమాడి, ఇంటికొచ్చి తెలుగులో కూర బాగోలేదంటారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి బిలాస్‌పూర్ జోన్ కేంద్రమయ్యాక ఊరు ఇంకా పెరిగింది. ఇక్కడివాళ్ళకు తెలుగువాడంటే ‘రావు జీ’. ఒక సెక్షన్‌లో ముగ్గురు రావు జీలుంటే పొడుగు రావు జీ, కళ్ళజోడు రావు జీ అని విడదీసుకుంటారు. మనుషులకు అది చాలు. ఎక్సెల్‌కు చాలదు.

ఒక తెలుగు సంఘానికి మీరు కోశాధికారి అనుకోండి. ఉగాది చందాలు వచ్చాయి. ఒక షీటులో సభ్యుల పట్టిక, ఇంకో షీటులో బ్యాంకు నుంచి దింపుకున్న జమల పట్టిక. ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు? సభ్యుల పట్టికలో ‘పి. శ్రీనివాసరావు’ అని ఉంది, మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు. బ్యాంకులో ‘శ్రీనివాస్ రావ్ పి’. ఆధార్ కార్డు రాసినాయన హిందీ ఉచ్చారణ పట్టుకుని ‘ష్రీనివాస్’ చేశాడు. రసీదు పుస్తకంలో ‘పి.ఎస్. రావు’. మీకు, నాకు ఆయన ఒక్కడే, తార్‌బాహర్‌లో ఉండే శ్రీనివాసరావు గారు. ఫార్ములాకు నలుగురు. ఈలోగా ఫోన్‌పేలో డబ్బు పంపింది ఆయన కాదు, పుణెలో ఉద్యోగం చేస్తున్న కొడుకు. ఇప్పుడు అయిదోవాడు కూడా చేరాడు.

ఇక్కడ చాలామంది చేసే పని, పేర్లు సరిచేయడానికి కూర్చోవడం. ఒక ఆదివారం అంతా పోతుంది, వచ్చే ఉగాదికి మళ్ళీ మొదలు. పేరును నమ్ముకోవడమే ఇక్కడి పొరపాటు. పేరు పిలవడానికి పుట్టింది, పోల్చడానికి కాదు. ప్రతి సభ్యుడికీ ఒక సంఖ్య ఇవ్వండి. డబ్బు పంపేటప్పుడు నోట్‌లో ఆ సంఖ్య రాయమనండి. పెద్దవాళ్ళు ఒకటి రెండేళ్ళు గొణుగుతారు, తర్వాత అలవాటవుతుంది. ఫోన్ నంబరు వాడదామంటారా, కొడుకు పంపితే కొడుకు నంబరు వస్తుంది, పోర్ట్ చేయకుండా సిమ్ మార్చినవాళ్ళ నంబరే పోతుంది. మనిషితో పాటు మారనిదే గుర్తుగా పనికొస్తుంది.

గుర్తు ఎలా ఉండాలో చూడాలంటే కోర్బా నుంచి బొగ్గు మోసుకొచ్చే గూడ్సు వ్యాగన్ పక్కన నిలబడండి. పక్కన పెయింట్‌తో 11 అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాతి రెండూ సొంతదారు రైల్వే, తర్వాతి రెండూ తయారైన సంవత్సరం, ఆపైన నాలుగు ఆ వ్యాగన్ సొంత సంఖ్య. పదకొండోది తనిఖీ అంకె, ముందున్న పది అంకెలనూ ఒక లెక్క ప్రకారం కూడి తేల్చింది. యార్డులో నంబరు రాసుకునేటప్పుడు మసి వల్ల 3ను 8గా చదివితే చివరి అంకెతో లెక్క కుదరదు, కంప్యూటర్ అక్కడే ఆపేస్తుంది. తన తప్పు తానే బయటపెట్టే గుర్తు అది. మన సంఘాల సభ్యత్వ సంఖ్యలకు అంత అవసరం లేదనుకోండి, కానీ ఆ ఆలోచన నాకు భలే ఇష్టం.

సంఖ్య ఉన్నా కలవని రోజులుంటాయి. కంటికి రెండు పక్కలా 17482 అనే కనిపిస్తుంది, ఫార్ములా మాత్రం ‘#ఎన్/ఏ’, అంటే దొరకలేదు, అంటుంది. అప్పుడు ఎక్సెల్‌ను తిట్టకండి, సెల్‌ను దగ్గరగా చూడండి. ఒకటి సెల్‌లో కుడి అంచుకు అతుక్కుని ఉందా, రెండోది ఎడమ అంచుకు ఉందా? కుడి పక్కన ఉన్నది అంకె, ఎడమ పక్కన ఉన్నది అంకెలా వేషం వేసుకున్న అక్షరాలు. మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా ఉంటుంది. ఎక్సెల్ దృష్టిలో అవి రెండూ వేర్వేరు. ‘వాల్యూ’ ఫార్ములాతో అక్షరాలను అంకెగా మార్చుకోవచ్చు. ఇంకా కలవకపోతే ‘లెన్’ పెట్టి అక్షరాలు లెక్కపెట్టించండి. అయిదు రావాల్సిన చోట ఆరు వచ్చిందంటే చివర కనిపించని ఖాళీ ఒకటి దాక్కుంది. ‘ట్రిమ్’ దాన్ని తీసేస్తుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసినదైతే ట్రిమ్‌కు లొంగని ఇంకో రకం ఖాళీ ఉంటుంది, 160 నంబరు అక్షరం. దాన్ని ‘సబ్‌స్టిట్యూట్’తో ఊడబీకాలి.

ఇంకో మోసం, మనం రాసిన గుర్తును ఎక్సెల్ తనంతట తానే మార్చేయడం. క్వార్టర్ నంబరు 12/3 అని కొట్టి ఎంటర్ నొక్కితే అది తేదీ అయి కూర్చుంటుంది. రైల్వే కాలనీ చిరునామాలు ఎక్కించే ప్రతివాడికీ ఇది తగిలే దెబ్బే. మీరొక్కరే అనుకోకండి, శాస్త్రవేత్తలకూ తగిలింది. సెప్టెంబరు, మార్చి నెలల పేర్లను పోలిన జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ షీట్లలో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన వ్యాసాల్లో దాదాపు అయిదోవంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ ఆ జన్యువుల పేర్లే మార్చుకుంది. మనకు అంత కష్టం అక్కర్లేదు, కాలమ్ మొత్తాన్ని ముందే ‘టెక్స్ట్’గా పెట్టుకుని తర్వాత ఎక్కిస్తే చాలు. ఖాతా నంబర్లకు ఇది తప్పనిసరి. మొదట్లో ఉన్న సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలు దాటితే ఆ పైన ఉన్నవి సున్నాలైపోతాయి, చివరి అంకె ఒక్కటే తేడా ఉన్న రెండు 16 అంకెల నంబర్లు ఒక్కటైపోతాయి.

డాలర్ గుర్తు సంగతి రెండు మాటల్లో: ఫార్ములాను కిందికి లాగినప్పుడు వెతికే పట్టిక కూడా మెట్టు మెట్టుగా కిందికి జారుతుంది. పై వరుసల్లో జవాబులు బాగుండి కింద ‘#ఎన్/ఏ’లు మొదలైతే అనుమానం దాని మీదే. ఎఫ్4 నొక్కితే పట్టిక చిరునామాకు డాలర్ గుర్తులు పడతాయి, ఇక అది కదలదు.

ఇప్పుడు నాకు గిట్టని అలవాటు గురించి. షీటు నిండా ‘#ఎన్/ఏ’లు వస్తే చూడటానికి బాగుండదని, సార్ ఏమంటారోనని, కొందరు ‘ఇఫ్‌ఎర్రర్’ అనే ఫార్ములాతో వాటన్నింటినీ సున్నాలు చేసేస్తారు. షీటు శుభ్రం. అబద్ధం కూడా అంతే శుభ్రం. చందా ఇవ్వనివాడి పక్కన సున్నా, ఇచ్చినా పేరు కలవనివాడి పక్కనా సున్నా. రెండూ ఒకటేనా? మొదటివాడికి ఫోన్ చేయాలి, రెండోవాడికి క్షమాపణ చెప్పాలి. చందా ఇచ్చిన పెద్దాయనకు ‘మీ బాకీ ఉంది’ అని సందేశం పోతే ఆయన మరుసటి ఏడు ఉగాదికి రాడు. ఇఫ్‌ఎర్రర్ వాడొద్దని కాదు, వాడితే ‘దొరకలేదు’ అని తెలుగులో రాయించండి, సున్నా పెట్టకండి.

ఈ అలవాటు షీటుతో ఆగదు. ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు దగ్గర్లో ఉన్న ఇంకో జవాబు చెప్పేసేవాళ్ళు ప్రతి ఆఫీసులో ఉంటారు. ‘ఫైలు ఎక్కడుంది?’ అంటే ‘అకౌంట్స్‌లో ఉండొచ్చు సార్’. ‘డబ్బు పడిందా?’ అంటే ‘పడే ఉంటుంది’. వీళ్ళ నాలుగో ముక్క ఎప్పుడూ దరిదాపే. ‘చూశాను, లేదు, సాయంత్రానికి కనుక్కుని చెబుతాను’ అనేవాడు మొదటి నెల చేతకానివాడిలా కనిపిస్తాడు. ఆరో నెలకు అధికారి తన సొంత లెక్క అతని చేత చేయిస్తాడు. లేదని చెప్పేటప్పుడు ఎక్కడెక్కడ చూశారో కూడా చెప్పండి, లేకపోతే అది బద్ధకంలా వినిపిస్తుంది.

దొరికినవాటినీ గుడ్డిగా నమ్మకండి. అచ్చంగా వెతకమన్నా వీలుకప్ మొదట దొరికినదాన్ని పట్టుకుని ఆగిపోతుంది. పట్టికలో ‘కె. అప్పారావు’లు ఇద్దరుంటే ఇద్దరికీ మొదటాయన ఫోన్ నంబరే వస్తుంది. తోర్వాలో ఉండే అప్పారావు గారి ఇంట్లో శుభకార్యం కబురు ఇంకో అప్పారావు గారికి చేరుతుంది. వెతికే ముందే ‘కౌంట్‌ఇఫ్’తో ప్రతి గుర్తూ ఎన్నిసార్లు ఉందో చూసుకోండి, ఒకటికి మించితే ఫార్ములా జోలికి పోవద్దు, ముందు పట్టిక సంగతి తేల్చండి.

కోడ్‌లు శాశ్వతం అనుకునేవాళ్ళకు ఒక మాట. 2010 డిసెంబరు 20 నుంచి రైలు నంబర్లు నాలుగంకెల నుంచి అయిదంకెలయ్యాయి. 7482 కాస్తా 17482 అయింది. వాల్తేరు స్టేషన్ విశాఖపట్నం అయింది, అలహాబాద్ ప్రయాగ్‌రాజ్ అయి కోడ్ కూడా మార్చుకుంది. 2025 ఫిబ్రవరిలో వాల్తేరు డివిజన్‌నే విశాఖపట్నం డివిజన్ చేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. పాత పట్టికను కొత్త పట్టికతో కలపాల్సినప్పుడు ఏ పక్కనా దిద్దకండి. పాత రికార్డును దిద్దితే రేపు ఆడిట్‌లో చూపడానికి ఏమీ మిగలదు. మూడో షీటు ఒకటి తెరవండి, రెండే కాలమ్‌లు, పాత గుర్తు, కొత్త గుర్తు. వెతుకులాట ఆ షీటు మీదుగా జరగాలి. శ్రీనివాసరావు గారి అయిదు రూపాలకూ ఇదే మందు. ఎడమ పక్క బ్యాంకు రాసిన పేరు ఎలా ఉంటే అలా, కుడి పక్క సభ్యత్వ సంఖ్య. ఒక్కసారి తేల్చి రాసుకుంటే ఆ పేరు మళ్ళీ ఎప్పుడొచ్చినా దొరుకుతుంది.

పని ముగించేటప్పుడు ఫలితంతో పాటు లెక్క కూడా చెప్పండి. ‘అన్నీ కలిశాయి’ అనకండి. ‘జమలు ఇన్ని, కలిసినవి ఇన్ని, కలవనివి ఇన్ని. కలవనివాటిలో సంఖ్య రాయనివి ఇన్ని, కొడుకులు పంపినవి ఇన్ని, ఎవరివో తేలనివి రెండు’ అనండి. తేలని రెండింటినీ పసుపు రంగు వేసి షీటులో పైకి తెచ్చి పెట్టండి. కమిటీలో పాతికేళ్ళుగా ఉన్న పెద్దాయన ఎవరో ఆ మొత్తం చూడగానే, ‘ఇది ఫలానా వాళ్ళల్లుడు పంపింది, నాకు ఫోన్ చేసి చెప్పాడు’ అంటాడు. ఆ పేరు మూడో షీటులో ఎక్కించండి. వచ్చే ఏడు కోశాధికారి మారితే, పాస్‌బుక్కుతో పాటు ఆ షీటు కూడా అప్పగించండి.